నాలుగు నిమిషాల అమానత్

నెలలు నిండవచ్చిన గర్భవతి ఉన్నట్టుండి కుప్పకూలింది. పిలిస్తే పలకదు, ఊపిరి ఆడదు, గుండె ఆగిపోయింది. అప్పుడు డాక్టరు ఆమె కడుపు కోసి బిడ్డను బయటికి తీయవచ్చా? తీస్తే అది ఎవరి కోసం? బిడ్డ కోసమా, తల్లి కోసమా? భర్త వచ్చి సంతకం పెట్టే దాకా ఆగాలా? పరాయి పురుషుని చేయి ఆమె ఛాతీ మీద పడవచ్చా? "ఆమె ఆయువు అంతే" అని ఊరుకుంటే మన మీద దోషం ఉండదా?

ఇవి వినడానికే మనసొప్పని ప్రశ్నలు. ఇంట్లో కడుపుతో ఉన్న అమ్మాయి ఉండగా ఇలాంటి మాట ఎత్తితే పెద్దవాళ్ళు కసురుకుంటారు, అశుభం పలకవద్దంటారు. కాని ప్రియ పాఠకులారా! శకునాలను నమ్మడం ఇస్లాం నేర్పిన పద్ధతి కాదు. ఆపద గురించి మాట్లాడినంత మాత్రాన అది రాదు, మాట్లాడనంత మాత్రాన ఆగదు. పైగా ఈ ఆపద వచ్చినప్పుడు మనకు దొరికే గడువు నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో ఫత్వా అడిగే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఈ మస్అలాను తీరికగా ఉన్నప్పుడే అర్థం చేసుకొని ఉంచుకోవాలి.

నాలుగు నిమిషాలే ఎందుకు?

గుండె ఆగితే మెదడుకు రక్తం అందదు. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. గర్భవతి శరీరం ఇద్దరి కోసం ప్రాణవాయువును ఖర్చు చేస్తుంది కనుక ఆమె దగ్గర నిల్వ ఇంకా త్వరగా తరిగిపోతుంది. ఛాతీని చేతులతో నొక్కుతూ రక్తాన్ని నడిపించే చికిత్సను సి.పి.ఆర్. అంటారు. ఎంత చక్కగా చేసినా అది మామూలు రక్తప్రసరణలో దాదాపు మూడో వంతు మాత్రమే ఇవ్వగలదు.

గర్భవతి విషయంలో ఇంకొక చిక్కు ఉంది. సుమారు 20 వారాలు నిండేసరికి గర్భసంచి బొడ్డు దాకా పెరుగుతుంది. ఆ తర్వాత ఆమె వెల్లకిలా పడుకుంటే ఆ బరువు వెన్నెముక పక్కనున్న పెద్ద సిర మీద పడుతుంది. శరీరం కింది భాగం నుంచి గుండెకు తిరిగి రావలసిన రక్తం అక్కడే ఆగిపోతుంది. గుండెలోకి రక్తమే రానప్పుడు పైనుంచి ఎంత నొక్కితే మాత్రం ఏం ప్రయోజనం? ఎండిన బోరుకు మోటారు వేసినట్టే అవుతుంది. అనంతపురం సీమ వాళ్ళకు ఈ పోలికను విడమరచి చెప్పనక్కర లేదు.

అందుకే వైద్యులు రెండు పనులు చెబుతారు. మొదటిది: ఛాతీ నొక్కుతుండగానే మరొకరు రెండు చేతులతో గర్భాన్ని ఆమె ఎడమ వైపుకు జరిపి పట్టుకోవాలి. అప్పుడు సిర మీద ఒత్తిడి తగ్గుతుంది. రెండవది: నాలుగు నిమిషాల్లో గుండె తిరిగి కొట్టుకోకపోతే, ఆమె ఉన్న చోటనే కడుపు కోసి, అయిదో నిమిషానికల్లా బిడ్డను బయటికి తీయాలి. బిడ్డ బయటికి రాగానే గర్భసంచి ముడుచుకుంటుంది, అణగిపోయిన సిర తెరుచుకుంటుంది, తల్లి గుండెకు రక్తం చేరుతుంది.

1986లో అమెరికా వైద్యుడు వెర్న్ కాట్జ్, ఆయన సహచరులు పాత కేసులను పరిశీలించి ఈ నాలుగు నిమిషాల సూత్రాన్ని ప్రతిపాదించారు. 2005లో మళ్ళీ పరిశీలించినప్పుడు, ఈ కోత వల్ల తల్లి స్థితి దిగజారినట్టు ఒక్క కేసులోనూ వారికి కనబడలేదు. 2015లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ గర్భవతుల గుండె ఆగిపోవడంపై ప్రత్యేక ప్రకటన వెలువరించి ఈ పద్ధతినే బలపరచింది. బ్రిటన్‌లో 2011 నుంచి 2014 వరకు జరిపిన అధ్యయనంలో ఇలా గుండె ఆగిన గర్భవతులు 66 మంది లెక్కకు వచ్చారు. వారిలో 38 మంది బ్రతికారు. గుండె ఆగిన దగ్గర నుంచి ఆపరేషన్ జరిగే దాకా పట్టిన సమయం బ్రతికిన తల్లుల విషయంలో మధ్యగతంగా 3 నిమిషాలు, బ్రతకని వారి విషయంలో 12 నిమిషాలు. సగం మందికి పైగా బ్రతికారన్న మాట గుర్తుంచుకోండి. మన తర్వాతి చర్చ అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

పూర్వ ఫుఖహా ఏమన్నారు?

మన ధర్మశాస్త్ర పండితులు ఈ సమస్యకు చాలా దగ్గరి సమస్యను శతాబ్దాల క్రితమే చర్చించారు. గర్భవతి చనిపోయింది, ఆమె కడుపులో బిడ్డ కదులుతున్నాడు. అప్పుడు ఏం చేయాలి?

ఒక వైపు దైవప్రవక్త (సఅసం) బోధ ఉంది. మృతుని ఎముక విరచడం బ్రతికున్నవాని ఎముక విరచడం వంటిదని అబూ దావూద్ హదీసు గ్రంథం ఉల్లేఖిస్తుంది. మృతదేహానికి కూడా గౌరవం ఉందన్న మాట. మరో వైపు దివ్య ఖుర్ఆన్ అయిదవ సూరా మాయిదాలో, ఒక్క ప్రాణాన్ని నిలబెట్టడం యావత్తు మానవాళిని నిలబెట్టడంతో సమానమన్న బోధ ఉంది.

హనఫీ పండితులు కోయమన్నారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఇలాంటి సందర్భంలో కోయమని ఆదేశించగా బిడ్డ బ్రతికాడని ఇబ్ను నుజైమ్ తన 'అల్ అష్బాహ్ వన్నజాయిర్'లో పేర్కొన్నారు. షాఫయీ పండితుల వద్ద, బిడ్డ బ్రతుకుతాడని మంత్రసానులు చెబితే కోయాలన్న అభిప్రాయం ఉంది. ఇబ్ను హజ్మ్ అయితే మరీ కఠినంగా మాట్లాడారు. ఆరు నెలలు దాటి కదులుతున్న బిడ్డను కావాలని అలాగే వదిలేసి చనిపోనిచ్చినవాడు హంతకుడని ఆయన తీర్పు. హంబలీ మజ్హబ్‌లో మాత్రం కోయరాదన్నది ప్రసిద్ధ అభిప్రాయం. మంత్రసానులే ప్రయత్నించాలన్నారు. మాలికీల్లో కూడా అధికుల అభిప్రాయం అదే. కొందరు మాత్రం ఒప్పుకున్నారు.

వద్దన్న వారి కారణం ఏమిటో న్యాయంగా చూడాలి. వారికి బిడ్డ మీద దయ లేక కాదు. ఇబ్ను ఖుదామా (రహ్మ) 'అల్ ముగ్నీ'లో కారణం వివరించారు. అలాంటి బిడ్డ మామూలుగా బ్రతకడు. బ్రతుకుతాడన్నది ఊహ. మృతదేహ గౌరవానికి భంగం కలగడం మాత్రం నిశ్చయం. ఊహ కోసం నిశ్చయమైన దాన్ని భంగపరచరాదు. మత్తు లేని, కుట్లు నిలవని, పసికందు శ్వాసను నిలబెట్టే సాధనం లేని ఆ కాలంలో ఈ తర్కం బలమైనదే.

మారినది ధర్మం కాదు, మన ఎరుక

ఇప్పుడు ఆ తర్కాన్ని నేటి స్థితికి అన్వయించి చూద్దాం. ఆ చర్చ అంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది: "ఆమె చనిపోయింది." గుండె ఆగి రెండు నిమిషాలైన స్త్రీ చనిపోయిందా? పూర్వం చనిపోయిందనే అనుకునేవారు. నేడు ఆమె మరణపు గుమ్మంలో ఉందంటాము, ఇంకా దాటలేదంటాము. బ్రిటన్ అధ్యయనంలోని 38 మందే దానికి సాక్ష్యం.

కనుక కత్తి పడుతున్నది మృతదేహం మీద కాదు, బ్రతికించదగిన మనిషి మీద. ఇది శవానికి జరిగే అగౌరవం కాదు, రోగికి జరిగే చికిత్స. వైద్యులు సైతం ఈ తేడాను గమనించారు. ఒకప్పుడు దీన్ని పెరిమార్టం సిజేరియన్ అనేవారు. అంటే మరణ ఘడియలో చేసే కోత. 2015 నుంచి రిససిటేటివ్ హిస్టరాటమీ అనే పేరు వాడుకలోకి వచ్చింది. అంటే ప్రాణం తిరిగి నిలబెట్టడానికి గర్భసంచి తెరవడం. పేరు మారడం చిన్న విషయంలా కనిపించవచ్చు. కాని ఫిఖ్హ్ విద్యార్థికి అది పెద్ద విషయం. మొదటి పేరు ప్రకారం ఇది జనాజా అధ్యాయంలోని మస్అలా. రెండవ పేరు ప్రకారం ఇది చికిత్స అధ్యాయంలోని మస్అలా.

మేము చెప్పదలచింది ఇదే. పూర్వ పండితులు మృతురాలి విషయంలో "తగునా, తగదా" అని చర్చించారు. నేడు అదే కోత బ్రతికే అవకాశం ఉన్న స్త్రీ విషయంలో వైద్యుని బాధ్యత అయింది. వద్దన్న ఇమాముల కారణాన్ని గౌరవించేవారు సైతం ఈ మాట ఒప్పుకోవాలి. ఎందుకంటే ఆ కారణం ఇక్కడ లేదు. కారణం తొలగినప్పుడు దాని మీద ఆధారపడిన ఆదేశం కూడా తొలగుతుందన్నది ఫుఖహా అందరికీ తెలిసిన నియమమే.

తల్లి ముందా, బిడ్డ ముందా?

చాలా సందర్భాల్లో ఈ ప్రశ్న తలెత్తదు. ఇద్దరికీ మేలు చేసేది ఒకే పని. కాని ఒక సందర్భం నిజంగా కష్టమైనది. గర్భం 20 వారాలు దాటింది, ఇంకా 24 వారాలు కాలేదు. బయటికి తీస్తే బిడ్డ బ్రతికే ఆశ దాదాపు లేదు. తీయకపోతే తల్లి బ్రతికే ఆశ తగ్గిపోతుంది. నాలుగు నెలలు నిండాక బిడ్డలో ఆత్మ ఊదబడుతుందని హదీసు ద్వారా మనకు తెలుసు. మరి ఆ ప్రాణం సంగతేమిటి?

ఇక్కడ భావోద్వేగంతో కాక నిదానంగా ఆలోచించాలి. తల్లి గుండె కొట్టుకోకపోతే బిడ్డ ఎలాగూ బ్రతకడు. వేరు ఎండిపోయాక కొమ్మ పచ్చగా ఉండదు. కనుక ఎదుట ఉన్నవి రెండు దారులే. ఇద్దరినీ పోగొట్టుకోవడం ఒకటి, ఒకరినైనా దక్కించుకునే ప్రయత్నం చేయడం రెండవది. రెండు నష్టాల్లో తక్కువ నష్టాన్ని ఎంచుకోవాలన్నది షరీఅత్ నియమం. 1990లో మక్కాలోని రాబితాకు చెందిన ఫిఖ్హ్ అకాడమీ, 120 రోజులు నిండిన గర్భాన్ని తొలగించరాదని తీర్మానిస్తూనే, గర్భం కొనసాగితే తల్లి ప్రాణానికి ముప్పు అని నమ్మకమైన వైద్యుల బృందం నిర్ధారిస్తే అనుమతి ఉందని చెప్పింది.

నాలుగు నిమిషాల్లో వైద్యుల బృందాన్ని ఎక్కడి నుంచి సమావేశపరుస్తారని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. మా అవగాహనలో దానికి సమాధానం ఇది: నిపుణులు ముందుగానే కూర్చొని, పరిశీలించి, ఏకాభిప్రాయంతో రాసిపెట్టిన వైద్య నియమావళి ఆ బృందం స్థానంలో నిలుస్తుంది. ఆ నియమాన్ని పాటిస్తున్న డాక్టరు ఒంటరిగా నిర్ణయించడం లేదు. షాఫయీ పండితులు మంత్రసానుల మాటను ఆధారం చేసుకున్నది కూడా ఈ ఉద్దేశంతోనే. తెలిసినవారి మాట మీద తీర్పు నిలబడాలి.

అనుమతి, పరదా

మామూలు చికిత్సలో రోగి అనుమతి తప్పనిసరి. అది కూడా ఆమె అనుమతే. 2008లో మన సుప్రీంకోర్టు ఒక కేసులో, స్పృహలో లేని రోగి తరఫున ఆమె తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదని చెప్పింది. అక్కడ ప్రాణాపాయం లేదు, ఆమె మేలుకునే దాకా ఆగవచ్చు. ప్రాణం కాపాడటానికి వెంటనే చేయక తప్పనిదైతే అనుమతి కోసం ఆగనక్కర లేదని అదే తీర్పు సారాంశం. అత్యవసర స్థితిలో చికిత్స చేయడం ప్రతి డాక్టరు విధి అని 1989లో పరమానంద్ కటారా కేసులోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

కాబట్టి సోదరులారా! అలాంటి ఘడియలో డాక్టరు మీ సంతకం కోసం ఆగకపోతే ఆయన మీద కోపగించుకోకండి. సంతకం కోసం ఆగితేనే భయపడండి. అమ్మగారి ఇంటి నుంచి పెద్దలు రావాలి, అత్తగారి ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి అంటూ ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో నిలబడి అడ్డుపడటం మర్యాద కాదు. అది ఒక ప్రాణానికి అడ్డం పడటం.

పరదా విషయం కూడా ఇంతే. స్త్రీకి స్త్రీ వైద్యురాలు చికిత్స చేయడం ఉత్తమం. ఆమె లేనప్పుడు, అవసరమైన మేరకు పురుష వైద్యుడు చూడటాన్నీ తాకటాన్నీ ఫుఖహా అనుమతించారు. ప్రాణం పోతున్న వేళ "మహ్రమ్ ఎవరున్నారు" అని వెతకడం దీన్ కాదు. ఛాతీ మీద నొక్కే ఆ చేతిలో వాంఛ లేదు, దృష్టిలో చెడు లేదు. కాని దీనికి ఇంతకంటే మంచి పరిష్కారం మన చేతుల్లోనే ఉంది. ప్రతి మొహల్లాలో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు సి.పి.ఆర్. నేర్చుకుంటే ఆ ప్రశ్నే రాదు. ఇది ఫర్జె కిఫాయా వంటిది. కొందరు నేర్చుకుంటే అందరి బాధ్యత తీరుతుంది, ఎవరూ నేర్చుకోకపోతే అందరూ జవాబుదారులే.

"తఖ్దీర్ అంతే" అనే మాట

ప్రసవ సమయంలో మరణించే స్త్రీకి షహీద్ హోదా ఉందని హదీసుల్లో వచ్చింది. అది తల్లిని పోగొట్టుకున్న ఇంటికి అల్లాహ్ ఇచ్చిన ఓదార్పు. చికిత్సలో జాగు చేసినవారికి ఇచ్చిన క్షమాపత్రం మాత్రం కాదు. యుద్ధంలో చనిపోయినవాడు షహీదే. అంతమాత్రాన కవచం లేకుండా సైనికుణ్ణి పంపిన సేనాపతి నిర్దోషి అవుతాడా?

ఆయువు రాసి ఉందన్నది మన విశ్వాసం. కాని ఏం రాసి ఉందో మనకు తెలియదు. ఛాతీ నొక్కితే బ్రతుకుతుందని రాసి ఉంటే? హిజ్రీ 18లో షామ్ ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని విని హజ్రత్ ఉమర్ (రజి) దారిలోనే వెనుదిరిగినప్పుడు, అల్లాహ్ రాసిన దాని నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. ఒక తఖ్దీర్ నుంచి మరొక తఖ్దీర్ వైపుకే వెళుతున్నామన్నది ఆయన సమాధానపు భావం. ప్రయత్నం కూడా తఖ్దీర్‌లో భాగమే. ఒంటెను కట్టివేసి ఆ తర్వాతే అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (సఅసం) నేర్పారు.

చిలమత్తూరు నుంచి చూస్తే

ఇంతవరకు చెప్పిందంతా పెద్దాసుపత్రిలో ఉన్న స్త్రీకి వర్తిస్తుంది. మరి చిలమత్తూరు మండలంలోని ఒక పల్లెలో, మిట్టమధ్యాహ్నం, మగవాళ్ళు పనులకు వెళ్ళిన వేళ ఈ ఆపద వస్తే? హిందూపురం ఆసుపత్రికి చేరడానికే నాలుగు నిమిషాలు చాలవు. అనంతపురం వంద కిలోమీటర్లకు పైనే. కొడికొండ చెక్‌పోస్టు దాటి జాతీయ రహదారి పట్టుకుంటే బెంగళూరు కూడా దాదాపు అంతే దూరం. 108 అంబులెన్సు 2005 నుంచి మన రాష్ట్రంలో లక్షల ప్రాణాలకు అండగా నిలిచింది. అయినా అది నాలుగు నిమిషాల్లో ప్రతి గడపకూ రాలేదు. వచ్చినా అందులో కడుపు కోసే సర్జన్ ఉండడు.

మరి పల్లెవాళ్ళకు ఈ మస్అలా వర్తించదా? వర్తిస్తుంది, ఇంకా బలంగా వర్తిస్తుంది. పట్నంలో ఆ నాలుగు నిమిషాల అమానత్ డాక్టరు చేతిలో ఉంటుంది. పల్లెలో ఆ అమానత్ కుటుంబం చేతిలో ఉంటుంది, అది తొమ్మిది నెలల ముందే మొదలవుతుంది. గర్భవతి గుండె సాధారణంగా ఏ హెచ్చరికా లేకుండా ఆగదు. విపరీతమైన రక్తస్రావం, బి.పి. పెరిగి వచ్చే ఫిట్స్, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ, ఒంట్లో పాకిన ఇన్ఫెక్షన్, చిన్నప్పటి కీళ్ళజ్వరం వల్ల పాడైన గుండె కవాటం - ఇవి ముఖ్య కారణాలు. వీటిలో చాలావాటిని ముందే పసిగట్టవచ్చు. 2018-20 లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో ప్రతి లక్ష సజీవ జననాలకు 45 మంది తల్లులు చనిపోయారు. దేశంలో ఆ సంఖ్య 97. మన రాష్ట్రం మెరుగే. కాని ఆ 45 మందిలో ప్రతి ఒక్కరూ ఒక ఇంటి దీపమే.

కనుక పడుకుంటే ఆయాసం, ముఖమూ చేతులూ వాపు, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, రక్తస్రావం, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం - వీటిలో ఏది కనిపించినా "కాన్పు సమయంలో ఇవన్నీ మామూలే" అనకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భవతులకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. గుండె జబ్బు గాని, అధిక బి.పి. గాని ఉందని తేలితే, నెలలు నిండకముందే పెద్దాసుపత్రికి దగ్గరగా ఉండే ఏర్పాటు చేయాలి. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్న ఆచారం మంచిదే. కాని ఆ పుట్టిల్లు ఆసుపత్రికి దూరమైతే ఆచారం కంటే ప్రాణం ముఖ్యం. ఖర్చుకు వెనుకాడే పేద కుటుంబానికి జకాత్ నుంచి, బైతుల్‌మాల్ నుంచి సహాయం చేయడం జమాఅత్ బాధ్యత.

ఇక ఆపద రానే వస్తే ఇంట్లో చేయవలసినవి ఇవి:

1. పిలిచి, భుజం తట్టి చూడండి. పలకకుండా, ఊపిరి లేకుండా ఉన్నా, ఆగి ఆగి ఎగశ్వాస పీలుస్తున్నా గుండె ఆగిందనే భావించండి. ఒకరు వెంటనే 108కు ఫోన్ చేసి "గర్భవతి, ఇన్ని నెలలు" అని చెప్పండి.

2. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ నడుమ అరచేతి కింది భాగం ఉంచి, దాని మీద రెండో చేయి వేసి, కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి పోయేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. గర్భవతి కదా అని మెల్లగా నొక్కకండి. కృత్రిమ శ్వాస ఇవ్వడం నేర్చినవారు అది కూడా ఇవ్వాలి.

3. మరొకరు గర్భాన్ని రెండు చేతులతో ఆమె ఎడమ వైపుకు జరిపి పట్టుకోండి. అలసిపోతే మనిషి మారండి గాని, నొక్కడం ఆపకండి.

4. నోట్లో నీళ్ళు పోయకండి. కోత పని శిక్షణ పొందిన డాక్టరుది మాత్రమే. ఇంట్లో ఎవరూ దానికి పూనుకోరాదు.

ఇవన్నీ చేసినా ప్రాణం దక్కకపోవచ్చు. అప్పుడు ఇన్నాలిల్లాహి అనడానికి మన నాలుకకు హక్కు ఉంటుంది. చేయగలిగింది చేయకుండా అదే మాట అంటే అది సబ్ర్ కాదు, సాకు. ప్రాణం పోయడం, తీయడం అల్లాహ్ చేతిలో ఉంది. ఆ నాలుగు నిమిషాలను మాత్రం ఆయన మన చేతికి అప్పగించాడు. అప్పగించిన దాన్ని ఏం చేశావని అడిగే రోజు ఒకటుంది.

అల్లాహ్ మన తల్లులను, చెల్లెళ్ళను, బిడ్డలను సుఖప్రసవంతో, ఆరోగ్యంతో కాపాడుగాక! ఆపద వేళ సరైన పని చేసే తెలివినీ ధైర్యాన్నీ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.